పాతాళంలో ఉచ్చులు పన్నే కుర్రవాడు

మన సంఘం ఉగాది సంచికలో ఈసారి పిల్లల కథలు కూడా వేద్దామని క్రిందటి సమావేశంలో అనుకొన్నాం కదా. ఆ కబురు ఇంట్లో చెప్పిన మూడో రోజుకే మా అబ్బాయి ఒక కథ మొదలుపెట్టాడు. వాడికి పదకొండేళ్ళు. కథ ఇంగ్లీషులో వ్రాస్తాడు, నాన్నమ్మకు తెలుగులో చెబుతాడు. ఈ రెంటికీ మధ్య కథ కొంచెం పెరుగుతుంది కూడా. ఆ కథ గురించీ, దాని మూలంగా మా ఇంట్లో కొన్ని వారాలపాటు నడిచిన వాదం గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ వాదం పనికివస్తుందని నా నమ్మకం.

కథ ఇది. ఆక్లండ్ రేవుకు ఎదురుగా సముద్రంలో కనిపించే రంగిటోటో కొండ క్రింద ఒక పట్నం ఉంది. అక్కడ సూర్యుడు లేడు. గోడలకు అంటుకొన్న పురుగుల వెలుగే దీపం. ఆ పట్నంలో ఒక కుర్రవాడు. తాత చేసిన పనే తండ్రి చేశాడు, తండ్రి చేసిన పనే వీడూ చేస్తాడు. ఉచ్చులు పన్నడం! కొండ అవతలినుంచి ప్రాకివచ్చే శత్రువులు పట్నంలో అడుగుపెట్టకుండా సొరంగాల నిండా ఆ కుటుంబం అమర్చిన ఉచ్చులే. కాలు పెడితే జారిపోయే పలకలు, చెయ్యి తగిలితే మూసుకొనే తలుపులు, కంటికి ఆనని దారాలు. తండ్రి జబ్బుపడడంతో పని మొత్తం ఈ కుర్రవాడి మీద పడింది. ఒకనాడు తెల్లవారగానే (అక్కడ తెల్లవారడమంటూ లేదు గనుక "పొద్దుటి గంట కొట్టగానే" అంటాడు మావాడు) వెళ్ళి చూస్తే, ఉచ్చులో పడింది రాక్షసుడు కాదు. తన ఈడు ఆడపిల్ల. శత్రువుల పిల్ల. కాలు ఇరుక్కొని ఏడుస్తూ ఉంది.

అక్కడ కథ ఆగిపోయింది. విడిచిపెడితే ఆ పిల్ల వెళ్ళి తనవాళ్ళకు దారి చెప్పేస్తుంది. విడిచిపెట్టకపోతే చచ్చిపోతుంది. "ఏం చెయ్యమంటావు నాన్నా?" అని మావాడు నన్ను అడిగాడు. వంతెనల లెక్కలు వేసుకొని బ్రతికేవాణ్ణి, నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఈ సంగతి విని మన మిత్రులొకరు, "ఎందుకండీ ఇవన్నీ? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు! ఆ సమయంలో నాలుగు లెక్కలు చేయించరాదూ?" అన్నారు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. చదువును నమ్ముకొని సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం మనం. మాయలూ మంత్రాలూ వ్రాసుకొంటూ కూర్చొన్న పిల్లవాణ్ణి చూస్తే గుండెలో ఏదో మూల కలుక్కుమనడం సహజం. అయితే ఒక్క మాట. మన చిన్నప్పుడు నెల మొదట్లో 'చందమామ' కోసం పోస్టుమాన్ దారి కాచినవాళ్ళం మనమే కదా! 1947 జూలైలో పుట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడంలేదు గాని, అందులో వచ్చిన సీరియళ్ళు మన తరంలో ఎవరూ మరచిపోలేదు. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం' - ఇవన్నీ వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యంగారు. 2010లో కన్నుమూశారు. సీరియల్ పైన ఆయన పేరు ఉండేది కాదు. కథ మనది, చిత్రాగారి బొమ్మలు మనవి, వ్రాసినాయన ఎవరో మనకు తెలియదు. ఆ కథలు చదివినందువల్ల మనలో ఎవరి లెక్కలూ చెడినట్టు లేదు.

మరి మావాడికి ఈ పాతాళం ఎక్కడినుంచి వచ్చింది? 'చందమామ' నుంచి కాదు. బడి లైబ్రరీ నుంచి వచ్చింది. ఈ దేశంలో పిల్లలందరూ చదివే నవల ఒకటుంది, 'అండర్ ది మౌంటెన్'. వ్రాసినవాడు మారిస్ గీ. 1979లో అచ్చయింది. 1981లో టెలివిజన్ సీరియల్‌గానూ, 2009లో సినిమాగానూ వచ్చింది. గీ 2025 జూన్‌లో 93 ఏళ్ళ వయసులో చనిపోయాడు. కథలో రేచల్, థియో అని ఎర్రజుట్టు కవలలు. వాళ్ళకూ పదకొండేళ్ళే. ఆక్లండ్ కొండల క్రింద విల్బర్‌ఫోర్స్‌లనే జాతి దాగి ఉంది. నిజరూపంలో అవి బ్రహ్మాండమైన పురుగులు. మనిషి రూపం వేసికొని పుపుకే సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో కాపురముంటాయి. జోన్స్ అనే ముసలాయన ఇచ్చిన రెండు రాళ్ళతో ఈ పిల్లలు వాటిని ఎదుర్కోవాలి.

ఈ నవల గొప్పతనమంతా చోటులో ఉందని నాకనిపిస్తుంది. పుపుకే సరస్సు ఉత్తరపు ఒడ్డున టాకపూనాలో నిజంగానే ఉంది. మనవాళ్ళు ఆదివారం పిల్లలను తీసికొనివెళ్ళే చోటే. అది సరస్సుగా మారిన అగ్నిపర్వత బిలం. ఆక్లండ్ నగరం మొత్తం యాభై పైచిలుకు అగ్నిపర్వతాల మీద కూర్చొని ఉంది. వాటిలో ఆఖరిది రంగిటోటో. సుమారు 600 ఏళ్ళ క్రిందట సముద్రంలోంచి లేచింది. అది బూడిద కక్కిన రోజుల్లో ప్రక్కనున్న మొటుటాపు దీవిలో నడిచిన మనుషుల అడుగులూ కుక్కల అడుగులూ ఆ బూడిదలో నేటికీ నిలిచి ఉన్నాయి. రంగిటోటో ఎక్కినప్పుడు చేతిదీపం పట్టుకొని దూరి వెళ్ళే గుహలు మీరు చూసే ఉంటారు. మరిగే లావా పారుతున్నప్పుడు పైపొర చల్లారి గట్టిపడింది, లోపలిది పారిపోయింది, ఖాళీ గొట్టం మిగిలింది. ఇటువంటి ఊళ్ళో పెరిగే పిల్లవాడికి కాలిక్రింద ఏముందో అన్న ఊహ రాకపోతేనే ఆశ్చర్యం.

సరే, మాయల కథ వ్రాయడానికి అనుమతి దొరికింది. అసలు చిక్కు మా అమ్మ దగ్గర వచ్చింది. తెనాలి ప్రక్క పల్లెనుంచి ఆరు నెలలకని వచ్చి మా దగ్గర ఉంది. ఆవిడకు మాయలతో పేచీ లేదు. 'పాతాళభైరవి' 1951లో విడుదలైనప్పుడు మా తాత అమ్మమ్మనూ పెద్దమామయ్యనూ బండి కట్టి తీసుకువెళ్ళి చూపించాడట. ఆ ముచ్చట ఇంట్లో వినివినీ పెరిగింది మా అమ్మ. ఆవిడ పేచీ ఉచ్చుతో. "కథానాయకుడికి ఆ పనేమిట్రా నాయనా? ఉచ్చులు పన్నేది మాంత్రికుడు. తోటరాముడు ఉచ్చులోంచి బయటపడతాడు గాని ఉచ్చు పన్నడు" అంది.

ఆలోచిస్తే అది నిజమే. మన కథల్లో ఉచ్చు ఎప్పుడూ అవతలివాడిదే. నేపాళ మాంత్రికుడు రాజకుమారిని ఇప్పిస్తానని ఆశపెట్టి రాముణ్ణి పాతాళభైరవికి బలి ఇవ్వడానికి తీసికొనివెడతాడు. గుట్టు తెలిసిన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. ఎవడు తవ్విన గోతిలో వాడే పడ్డాడని మనం చప్పట్లు కొడతాం. తెలుగులో 'ఉచ్చు', 'వల', 'బోను', 'గొయ్యి' ఏ మాట తీసికొన్నా పలుకుబడిలో మోసమనే అర్థమే. "వాణ్ణి వల్లో వేసుకొన్నాడు" అంటే మెచ్చుకోలు కాదు. కాని మావాడు పెరుగుతున్న దేశంలో ఉచ్చు పన్నడం పిల్లలకు బడిలో నేర్పే మంచిపని.

అదెలాగో భారతదేశంలో ఉన్న మన బంధువులకు చెబితే నమ్మరు. గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే క్షీరదమంటూ సహజంగా లేని దేశం ఇది. అందుకని ఇక్కడి పక్షులు చాలావాటికి ఎగరవలసిన అవసరం, నేలమీది శత్రువుకు భయపడవలసిన అవసరం లేకపోయింది. మనుషులతో పాటు ఎలుకలు వచ్చాయి. బొచ్చు వ్యాపారంకోసం పాసమ్‌లను తెచ్చారు. మన ముంగిసను సన్నగా సాగదీసినట్టుండే స్టోట్ అనే జంతువునూ తెచ్చారు. ఇప్పుడు కాపలా లేని అడవుల్లో కీవీ పిల్లలు నూటికి 95 పెద్దవి కాకుండానే చనిపోతున్నాయి. 2016లో ఇక్కడి ప్రభుత్వం 2050 నాటికి ఈ ఎలుకలు, స్టోట్‌లు, పాసమ్‌లు లేకుండా చెయ్యాలని లక్ష్యం పెట్టుకొంది. రంగిటోటో, మొటుటాపు దీవులు 2011లోనే ఆ స్థితికి చేరాయి. పడవ ఎక్కేముందు మన సంచులు వెతుక్కోమని చెప్పేది అందుకే. ఊళ్ళల్లో పెరటి పెరటికీ ఒక బోను పెట్టమని స్వచ్ఛంద బృందాలు తిరుగుతుంటాయి. పిల్లలు చెక్కలు కొట్టి పెట్టెలు తయారుచేస్తారు.

మావాడూ ఒకటి చేసి తెచ్చాడు. మూరెడు పొడవు చెక్కపెట్టె. ఒక ప్రక్క చిన్న కన్నం. లోపల తీగెల అడ్డం, ఆపైన ఎలుకల బోను, దాని మీద చిటికెడు పీనట్ బటర్. ఆ కన్నం కొలతలో ఉంది తెలివంతా. ఎలుక దూరాలి, పిల్లి దూరకూడదు, పక్షి దూరకూడదు, ప్రక్కింటి పసివాడి చెయ్యి లోపలిదాకా అందకూడదు. వాడు ఇదంతా నాకు వివరిస్తుంటే, మా ఆఫీసులో కొత్తగా చేరే ఇంజనీర్లు తమ డ్రాయింగును ఇంత శ్రద్ధగా వివరిస్తే బాగుండునని అనుకొన్నాను.

మూడో రాత్రి ఎలుక పడింది. మా అమ్మ చూసింది. ఆ రోజు పెరట్లోకి రాలేదు. "వినాయకుడి వాహనంరా! ముగ్గు కూడా చీమలు తింటాయని బియ్యప్పిండితో వేసే ఇంట్లో పుట్టి, పసివాడిచేత ప్రాణం తీయిస్తారా?" అంది. మావాడు కీవీల లెక్క చెప్పాడు. "అవి బ్రతకాలంటే ఇవి చావాలి నాన్నమ్మా." "ఆ లెక్క వేసేవాడు దేవుడు. నువ్వు కాదు." "మరి స్టోట్‌ను ఇక్కడికి తెచ్చింది దేవుడు కాదుగా?" పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ వారమంతా ఇద్దరి మధ్య నాకూ నా భార్యకూ కలిగింది ఆ సంకటమే.

సెలవుల్లో వైటోమో గుహలు చూపిస్తే కాస్త చల్లబడతారని ముగ్గుర్నీ కారెక్కించాను. తీరా వెళ్ళాక వాదం ఇంకా ముదిరింది. ఎందుకంటే అక్కడ ఉన్నదే పాతాళంలో ఉచ్చులు పన్నే పిల్ల!

ఈ గుహను 1887లో మావోరీ పెద్ద టానె టినోరావు, ఫ్రెడ్ మేస్ అనే ఇంగ్లీషు సర్వేయరు కలిసి, తెప్ప మీద, కొవ్వొత్తుల వెలుగులో లోపలికి వెళ్ళి చూశారు. 1889లో జనానికి తెరిచారు. 1906లో ప్రభుత్వం తీసికొంది. 1989లో తిరిగి టినోరావు వంశస్థులకూ ఆ నేల హక్కుదారులకూ అందింది. లోపల చీకట్లో పడవలో కూర్చొంటే కప్పంతా నీలిచుక్కలు. అమావాస్యనాడు మా ఊరి కాలవగట్టు మీద పడుకొని చూసిన ఆకాశంలా ఉందని మా అమ్మ అంది. అవి నక్షత్రాలు కావు సరికదా, మన మిణుగురులు కూడా కావు. దోమలాంటి ఒక చిన్న ఈగ తాలూకు పిల్లలు. మావోరీలు టీటీవై అంటారు. అగ్గిపుల్లకు మించని పొడవు. తొమ్మిది నెలలకు అటూ ఇటూగా ఈ పిల్లరూపంలోనే గడుపుతుంది. కప్పునుంచి డజన్లకొద్దీ పట్టుదారాలు వ్రేలాడదీసి, ప్రతి దారానికీ ముత్యాలు గుచ్చినట్టు జిగురు బొట్లు పెడుతుంది. తన తోకవైపు దీపం వెలిగించుకొని కూర్చొంటుంది. నీళ్ళల్లో పుట్టిన చిన్న పురుగులు వెలుగు చూసి ఆకాశమనుకొని పైకి ఎగిరి దారానికి అంటుకొంటాయి. దారం లాక్కొని తినేస్తుంది. ఆకలి వేసినప్పుడు దీపం ఇంకా ప్రకాశిస్తుంది. ఈగగా మారాక దానికి తినడానికి నోరే ఉండదు. నాలుగు రోజులు బ్రతికి, గుడ్లు పెట్టి పోతుంది. బ్రతుకంతటికీ సరిపడా తిండి పిల్లప్పుడే సంపాదించుకోవాలి.

"వెలుగు చూపించి పిలిచి చంపుతుందా! ఇలాంటివాళ్ళు మన ఊళ్ళో మనుషుల్లోనే ఉన్నారు" అంది మా అమ్మ. కాసేపాగి, "పాపం, దానికి వేరే దారి లేదులే. దాని పుట్టుక అది" అని కూడా తనే అంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో మావాడు అడిగాడు: "పురుగుకు వేరే దారి లేదు. నా కథలో కుర్రవాడికి ఉందిగా నాన్నమ్మా?"

అప్పుడు ఆవిడ లక్కయింటి కథ చెప్పడం మొదలుపెట్టింది. మనందరికీ తెలిసిన కథే. వారణావతంలో పాండవులకోసం పురోచనుడు లక్కతో, నేతితో ఇల్లు కట్టించాడు. అదొక ఉచ్చు. విదురుడు రహస్యంగా ఒక ఖనకుణ్ణి, అంటే నేల తవ్వే పనివాణ్ణి పంపాడు. ఆ పనివాడు పాండవులు పడుకొనే ఇంటి క్రిందినుంచి సొరంగం తవ్వాడు. "చూశావా? ఉచ్చు పన్నేవాడు పైన ఉన్నాడు. భూమిలో పని చేసేవాడు బ్రతికించేవాడు. నీ కుర్రవాణ్ణి ఖనకుడిలా చెయ్యి" అన్నది ఆవిడ ఉద్దేశం. మంచి సలహా. ఆ పనివాడికి భారతంలో పేరు కూడా లేదు. సీరియళ్ళు వ్రాసిన సుబ్రహ్మణ్యంగారి పేరులాగే! చేసిన పని మాత్రం మిగిలింది.

కాని పిల్లలు మనం చూపినవైపు చూడరు. "తరువాత ఏమైంది?" అన్నాడు. భీముడు నిప్పు పెట్టాడు, పాండవులు సొరంగంలోంచి వెళ్ళిపోయారు. "మరి వాళ్ళు చచ్చిపోయారని ఊళ్ళోవాళ్ళు ఎలా నమ్మారు?" ఆ రాత్రి విందుకు వచ్చిన నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు ఆ ఇంట్లోనే మత్తుగా నిద్రపోయారు. కాలిన ఆ ఆరు శరీరాలూ చూసి జనం కుంతీ, పాండవులూ అనుకొన్నారు. కారులో కాసేపు మాట లేదు. "వాళ్ళ గురించి ఎవరూ అడగలేదా?" అన్నాడు మావాడు.

మా అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఎన్నో పురాణకాలక్షేపాలు విన్న మనిషి. మర్నాడు కూర తరుగుతూ, ఎవరూ అడగకుండానే అంది: "నేను విన్నవాటిలో ఏ శాస్త్రిగారూ ఆ ఆరుగురి దగ్గర ఆగలేదురా. నువ్వు నీ కథలో ఆగు."

ఈ మాట దగ్గరే నాకు ఆ వాదంలో ఒక దారి కనిపించింది. ఉచ్చు పన్నడం తప్పా ఒప్పా అన్నది ఒక ప్రశ్న. దానికి మా అమ్మ జవాబు వేరు, మావాడి జవాబు వేరు. ఇద్దరివీ వినదగినవే. కాని అసలైన ప్రశ్న మరొకటుంది. పన్నిన తరువాత అందులో ఎవరు పడ్డారో వెళ్ళి చూసేది ఎవరు?

ఈ దేశం చరిత్రే దానికి పెద్ద ఉదాహరణ. స్టోట్‌లను ఇక్కడికి తెచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. గొర్రెల మేతనంతా కుందేళ్ళు తినేస్తున్నాయని 1880లలో వాటిని చంపడానికి తెచ్చి వదిలారు. ప్రాణమున్న ఉచ్చులన్నమాట! కుందేలు వెనుక పరుగెత్తడంకన్నా ఎగరలేని పక్షిని పట్టడం తేలికని వాటికి తెలియడానికి ఎంతసేపు? ఫిజీలోనూ ఇదే జరిగింది. చెరకుతోటల్లో ఎలుకలను తింటాయని 1883లో మన దేశపు ముంగిసలనే తెచ్చి వదిలారు. అవి పక్షులను పట్టాయి. ఆ తరువాత ఇరవయ్యేళ్ళకు అదే తోటల్లో పనికి మన తెలుగువాళ్ళను ఓడల్లో తెచ్చారు. వాళ్ళ మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఆక్లండ్‌లో మన ఇరుగుపొరుగు. పన్నినవాడు సముద్రం అవతల ఉంటాడు, పడేవాడు ఇవతల ఉంటాడు.

దీనికి ఎదురుగా నాకు ఒక కుర్రవాడు గుర్తుకు వస్తాడు. 1980లలో మా పొలాల్లో ఎలుకలు పట్టడానికి యానాదులు వచ్చేవారు. వరి పొట్టకు వచ్చినప్పుడు వెదురు బుట్టలు పెట్టేవారు. కోతలయ్యాక కలుగులు తవ్వేవారు. వాళ్ళల్లో నా ఈడువాడొకడుండేవాడు. బడికి వచ్చేవాడు కాదు. వాడు గట్టు మీద మడమతో తట్టి, కలుగు లోపల ఎటు తిరిగిందో చెప్పేవాడు. మిగతా కన్నాలన్నీ మట్టితో మూసి, ఒక్కదాని దగ్గర అడుగున చిల్లి ఉన్న కుండ బోర్లించి, గడ్డి మంటపెట్టి పొగ ఊదేవారు. తవ్వగా లోపల ఎలుకలు దాచుకొన్న వడ్లకంకులు వాళ్ళవి. నేను ఆశ్చర్యపోయింది వాడి లెక్కకు. సాయంకాలం ఎన్ని బుట్టలు పెట్టాడో తెల్లవారకముందే అన్నీ తీసేవాడు. ఒకనాడు ఒకటి తక్కువైతే, కూలి ఇచ్చేసి వెళ్ళమన్నా వెళ్ళక మోకాలి లోతు బురదలో మధ్యాహ్నందాకా వెదికాడు. "ఎవుడి కాలికో తగిలితే?" అన్నాడు. నేలక్రింది ప్రపంచం అంతగా తెలిసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నాకు చదువు వచ్చింది, ఇంత దూరం వచ్చాను. వాడికి అంత విద్య ఉండీ బడి గుమ్మం ఎక్కే వీలు లేకపోయింది. ఇది కూడా మావాడికి చెప్పాను.

ఆ కుర్రవాడి నియమమే ఈ దేశంలో చట్టంగా ఉండడం చూసి నాకు ముచ్చట వేసింది. జంతుసంక్షేమానికి 1999లో చేసిన చట్టంలో ఒక నిబంధన ఉంది. ప్రాణాలతో పట్టే ఉచ్చు పెట్టినవాడు, పెట్టిన మర్నాటినుంచి ప్రతిరోజూ సూర్యోదయమైన పన్నెండు గంటల లోపల వెళ్ళి చూడాలి. పని ఉంది, వాన పడుతోంది అంటే కుదరదు. మావాడి పెట్టెలోది చంపే బోను గనుక ఈ నిబంధన దానికి వర్తించదు. అయినా వాడు గోడమీద కాగితం అంటించి రోజూ పొద్దున చూసివచ్చి గీత గీస్తున్నాడు. మా అమ్మ పెరట్లోకి రావడం మొదలుపెట్టింది గాని, ఆ పెట్టె ఉన్న మూలకు మాత్రం వెళ్ళదు. చచ్చిన ఎలుకను పాతిపెట్టేటప్పుడు వాడిచేత కాళ్ళూ చేతులూ కడిగించి, వినాయకుడి పటానికి దండం పెట్టిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు.

కథ ఇప్పుడు ఏడో అధ్యాయంలో ఉంది. కుర్రవాడు ఆ పిల్లను విడిపించాడు. నడవలేకపోతే వీపున ఎక్కించుకొని జబ్బుగా ఉన్న తండ్రి దగ్గరకు తీసికొనివచ్చాడు. ఆమె కాలికి కట్టు కడుతూ తండ్రి ఆమె నడుముకున్న పనిముట్ల సంచి చూశాడు. ఆమె కూడా ఉచ్చులు పన్నేవాళ్ళ పిల్లే! కొండకు అవతలివాళ్ళు ఇవతలివాళ్ళకు భయపడి పన్నుతున్నారు, ఇవతలివాళ్ళు అవతలివాళ్ళకు భయపడి పన్నుతున్నారు. ఎవరు మొదలుపెట్టారో రెండు వైపులా ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసి పాత ఉచ్చులన్నీ వెదికి లెక్క తేల్చాలి. తాత కాలంలో పెట్టి ఎవరూ మళ్ళీ చూడనివి కొన్ని ఉన్నాయట. వాటిలో ఏముందో వ్రాయడానికి మావాడికే కొంచెం భయంగా ఉంది. నిషాద స్త్రీ పిల్లలు ఐదుగురికీ అక్కడ పేర్లు పెట్టబోతున్నానని నాన్నమ్మ చెవిలో చెప్పాడట.

మన వృత్తులు తలచుకొంటే ఈ కథ పిల్లలదే అనిపించదు. మనలో మందులు వ్రాసేవాళ్ళున్నారు, కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళున్నారు, బ్యాంకులో అప్పుల నిబంధనలు తయారుచేసేవాళ్ళున్నారు, నాలాగా వంతెనలు లెక్కించేవాళ్ళున్నారు. మనం బల్ల దగ్గర కూర్చొని గీసిన గీత ఎక్కడో ఎవరి కాలికో తగులుతుంది. పిల్లలకు పనితనం నేర్పడంలో మనకు సాటి లేదు. ట్యూషన్లు, పోటీలు, మార్కులు అన్నీ చూస్తాం. చేసినదాని దగ్గరకు తిరిగి వెళ్ళి చూడడం ఏ పాఠంలో ఉంది? మా ఇంట్లో ఆ పాఠం, నలుగురూ కాలయాపన అన్న ఒక మాయల కథలోంచి వచ్చింది. బడిలో పెట్టెలు చెయ్యడం నేర్పారు, ఇంట్లో పెద్దది భారతం చెప్పింది, పిల్లవాడు ఈ రెంటినీ కలిపి పాతాళంలో పెట్టి చూసుకొన్నాడు.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఉగాది సంచికకు మీ పిల్లలచేత కథలు వ్రాయించండి. దయ్యాలున్నా, డ్రాగన్లున్నా, సొరంగాలున్నా అడ్డుచెప్పకండి. ఇంగ్లీషులో వ్రాస్తే వ్రాయనివ్వండి. కాని కథ ముడిపడినచోట ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పమనండి. అమ్మమ్మో తాతయ్యో ఇండియాలో ఉంటే ఫోనులో చెప్పమనండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఇంకా మంచిది. తెలుగులోకి మార్చి, అచ్చుకు సిద్ధంచేసే పని నాలాంటివాళ్ళం నలుగురం చూసుకొంటాం. కథలు మాఘమాసం వెళ్ళేలోగా మా చేతికి అందితే చాలు.